పదమూడేళ్లు చదివినవాడు

విద్యామంత్రిగారు విదేశం వెళ్లి పదిరోజులు ఉండి వచ్చారు. అక్కడ ఆయన గమనించినవి రెండు. ఆ దేశంలో పిల్లలు మన పిల్లలకంటే ఒక ఏడాది ఎక్కువ బడికి వెళతారు. ఆ దేశంలో రోడ్ల మీద గుంతలు లేవు. తిరుగు ప్రయాణంలో ఈ రెండింటినీ కలిపి ఆలోచించారు. విమానం దిగేసరికి ఆయనకు విషయం బోధపడింది. విమానాశ్రయంలోనే విలేకరులను పిలిచి, ఇకమీదట మన రాష్ట్రంలో బడి చదువు పదేళ్లు కాదు, పదకొండేళ్లు అని ప్రకటించారు.

"ఎందుకండీ?" అని ఒక విలేకరి అడిగాడు.

"కారణాలు కమిటీ చెబుతుంది" అన్నారు మంత్రిగారు.

కమిటీ వేశారు. అందులోని పెద్దలు నిజాయితీపరులు, చెప్పిన పని చెప్పినట్టు చేసేవారు. ఆరు నెలలు కూర్చుని కారణాలు వెతికారు. బడిలో ఉన్నవాణ్ణి నిరుద్యోగి అనరు కాబట్టి నిరుద్యోగం తగ్గుతుందన్నారు. తరగతిలో కూర్చున్న పిల్లవాడు అదే సమయంలో మోటారుసైకిలు మీద ఉండలేడు కాబట్టి ప్రమాదాలు తగ్గుతాయన్నారు. పిల్లలు మరో ఏడాది ఊళ్లోనే ఉంటారు కాబట్టి తల్లులకు సంతోషమన్నారు. పగలంతా ఇంట్లో ఉండరు కాబట్టి తల్లులకు విశ్రాంతి అని కూడా అన్నారు. మంత్రిగారు నలభై కారణాలు కావాలన్నారు, ముప్పై తొమ్మిది దగ్గర బండి ఆగిపోయింది. చివరికి, ఇన్ని కారణాలు దొరకడమే నలభయ్యో కారణమని రాసి సంతకాలు పెట్టారు.

ఆ పదకొండో ఏట పిల్లలకు ఏం చెప్పాలన్నది మాత్రం ఎవరూ రాయలేదు. ఆ సంగతి కమిటీని ఎవరూ అడగలేదు.

కొత్తముంగర హైస్కూల్లో పదకొండో తరగతి ప్రారంభోత్సవానికి జిల్లా కాలవృద్ధి అధికారి పరాంకుశం గారు వచ్చారు. కాలవృద్ధి శాఖ కొత్తగా పుట్టిన శాఖ. బడి చదువు ఎంత పొడుగుందో చూడటం దాని పని. లోపల ఏముందో చూసే శాఖ వేరే ఉంది, దానితో వీళ్లకు సంబంధం లేదు.

బడి ఆవరణలో షామియానా వేస్తున్నారు. పరాంకుశం గారు దాని కింద కుర్చీలో కూర్చుని ప్రధానోపాధ్యాయిని మాణిక్యాంబ గారిని పిలిపించారు. ఆవిడ ముప్పై అయిదేళ్లుగా లెక్కలు చెబుతున్న మనిషి. మరో ఏడాదిలో రిటైరవుతారు. ఆ తరవాత రోజూ పొద్దున్న ఏడింటిదాకా నిద్రపోవాలన్నది ఆవిడకున్న ఒకే ఒక కోరిక.

"మేడమ్, పదకొండో తరగతికి బోధకులు ఎవరు?"

"లెక్కలకు నేనండీ. సైన్సుకు మా సైన్సు మాస్టారు."

"తమరి చదువు?"

"ఎమ్మెస్సీ, బీఈడీ."

"అది కాదండీ. పాఠశాలలో ఎన్నేళ్లు?"

"అందరిలాగే పదేళ్లు."

పరాంకుశం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అంటే పదకొండో ఏడు తమరు పాఠశాలలో లేరు."

"లేను. కాలేజీలో ఉన్నాను."

"కళాశాల వేరు, పాఠశాల వేరు. తాము స్వయంగా చేరని తరగతిని తాము ఎలా నడుపుతారు? మార్గదర్శకాలు ఈ అంశంలో సుస్పష్టంగా ఉన్నాయి. బోధకులు పాఠశాలలో పదకొండు విద్యాసంవత్సరాలకు తక్కువ కాకుండా గడిపినవారై ఉండవలెను. అంతేకాదు, సదరు అర్హత లేని ఉపాధ్యాయులు పాఠశాల విద్య పూర్తికానివారుగా పరిగణింపబడుదురు. వారు పదకొండో తరగతిలో చేరి పూర్తిచేసిన మీదటనే పదవీ విరమణ ప్రయోజనములు."

"మరి మీరండీ?" అన్నారు మాణిక్యాంబ గారు. " మీరు ఎన్నేళ్లు చదివారు?"

"పదేళ్లే. అధికారులకు మినహాయింపు ఉంది."

"ఎందుకని?"

"మినహాయింపు రాసినవారు అధికారులు కనుక" అన్నారాయన, దాచాల్సింది ఏమీ లేనట్టు.

ఆవిడకు ఒళ్లు మండింది. "పదేళ్లకు మించి బడిలో ఉండేది ఫెయిలైనవాళ్లేనండీ. వాళ్లను తెచ్చి పెడతారా? అదుగో, ఆ వెదురు మీద గుడ్డ కడుతున్నాడే, టెంట్ హౌస్ నూకరాజు, వాడు మా బడిలో పదమూడేళ్లు ఉన్నాడు. పెట్టుకోండి!"

ఆవిడ వెటకారానికి అన్నారు. పరాంకుశం గారి ఉద్యోగంలో వెటకారానికి చోటు లేదు. ఆయన తలెత్తి చూశారు.

"వారిని దింపించండి."

నూకరాజు, గుడ్డ ఎక్కడో చిరిగిందనీ, అందుకే పిలుస్తున్నారనీ అనుకుంటూ దిగాడు. నలభై దాటిన మనిషి, భుజం మీద తువ్వాలు, చేతిలో పురికొస.

"చిరుగు ఈ పక్కకి రాకుండా తిప్పి కడతానండి" అన్నాడు ముందుగానే.

"తమరు పాఠశాలలో పదమూడేళ్లు గడిపినట్టు తెలిసింది. నిజమేనా?"

నూకరాజు మాణిక్యాంబ గారి వైపు చూసి తలొంచుకున్నాడు. ఊరందరికీ తెలిసిన సంగతే అయినా, ఇన్నేళ్ల తరవాత ఒక ఆఫీసరు నలుగురిలో అడుగుతాడని అతను అనుకోలేదు. "ఆయ్. ఏడులో ఓ సారి పోయిందండి. పదిలో రెండు సార్లు. మూడోసారి పరీచ్చకి ఎల్లలేదండి, మానేసేను."

పరాంకుశం గారు కుర్చీలోంచి లేచి నిలబడ్డారు. "పదమూడేళ్లు! ఈ జిల్లాలో ఇంత విద్య గలవారిని నేను ఇంతవరకు చూడలేదు. ముందు మీరు కూర్చోండి."

అతని టెంట్ హౌస్ కుర్చీలోనే అతన్ని కూర్చోబెట్టారు. ఆ కుర్చీలు ఎన్ని వేసినా, అధికారి పక్కన అతను కూర్చోవడం అదే మొదటిసారి.

ఇంటికి వెళ్లి చెబితే భార్య లోవమ్మ నమ్మలేదు.

"నిన్నా? మాస్టారుగానా? నీ సంగతి ఆళ్లకి తెల్దా?"

"తెలిసే పిల్చేరే. ఫెయిలయ్యేను కాబట్టే పిల్చేరు."

"మందేమైనా తాగొచ్చేవా?"

"తాగలేదే తల్లీ. ఆర్డరు చూడు."

వాళ్ల కూతురు నాగశ్రీ వాకిట్లో పీట వేసుకుని సీరియల్ లైట్ల దండలో మాడిన బల్బులు తీసి కొత్తవి వేస్తోంది. చిన్నప్పటినుంచి ఆ దండల మధ్యే పెరిగిన పిల్ల. పందిరికి కరెంటు ఎక్కడినుంచి లాగాలో, ఏ తీగ దేన్ని మోస్తుందో నాన్నకంటే బాగా చెబుతుంది. ఆ యేడు పదో తరగతి మంచి మార్కులతో పాసైంది. పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ సీటు కూడా వచ్చింది. చేరడానికి వెళితే, కొత్త ఉత్తర్వుల ప్రకారం నీ బడి చదువు అసంపూర్ణం, పదకొండోది పూర్తిచేసుకుని రా, ఒక్క ఏడాది మాత్రం సీటు ఆపుతాం అని వెనక్కి పంపారు. వచ్చిన దగ్గరనుంచి ఆ పిల్ల ఎక్కువ మాట్లాడటం లేదు.

"అయితే నాన్నా, నేను నీ క్లాసులోనే కూర్చోవాలా?"

"ఆయ్ అమ్మా."

"నువ్వేం చెప్తావు?"

నూకరాజు ఆ మాటే దారిపొడుగునా ఆలోచించుకుంటూ వచ్చాడు. "నాకేటి తెలుసమ్మా" అన్నాడు నిజాయితీగా.

మొదటిరోజు అతను తరగతిలో అడుగుపెట్టాడు. వెనక బెంచీల్లో పిల్లలు. మొదటి బెంచీలో మాణిక్యాంబ గారు, సైన్సు మాస్టారు, తెలుగు మాస్టారు, డ్రిల్లు మాస్టారు. నూకరాజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు, అలవాటు కొద్దీ. హాజరు పిలవాల్సి వచ్చింది.

"మాణిక్యాంబ గారండీ."

"ప్రెజెంట్ సార్" అన్నారావిడ, గోడవైపు చూస్తూ.

తనిఖీకి వచ్చిన పరాంకుశం గారు గుమ్మంలోంచి అందుకున్నారు. "విద్యార్థులను 'గారు' అనరాదు. బోధకుని హోదాకు భంగం."

నూకరాజు రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. "ఆయ్... మాణిక్యాంబ... మేడమ్ గారండీ" అన్నాడు. ఆ పూటకు అంతకంటే తగ్గించడం అతనివల్ల కాలేదు.

పాఠ్యపుస్తకాలు తరువాత పంపబడును అన్నారు. తరువాత అంటే ఎప్పుడో ఉత్తర్వులో లేదు. చెప్పడానికి పుస్తకం లేదు, చెప్పేవాడికి ఏమీ రాదు, వచ్చినవాళ్లకు చెప్పే అర్హత లేదు. రెండు వారాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చివరికి దారి మాణిక్యాంబ గారే కనిపెట్టారు. విద్యార్థులు సందేహములు అడుగవచ్చును అని మార్గదర్శకాల్లో ఉంది. సందేహం ఎంత పొడుగుండాలో రాయలేదు.

అప్పటినుంచి నూకరాజు రాగానే, "ఇయ్యాల ఎవరికేం డౌటండి?" అని అడిగేవాడు. మాణిక్యాంబ గారు లేచి, "నాకు త్రికోణమితిలో ఒక సందేహం ఉంది సార్" అనేవారు. సుద్దముక్క తీసుకుని ఆ సందేహాన్ని బోర్డు మీద వేసేవారు. బోర్డు నిండేది, తుడిచేవారు, మళ్లీ నిండేది. బెల్లు కొట్టే వేళకు, "ఇదీ నా సందేహం, తీరిపోయింది సార్" అని వచ్చి కూర్చునేవారు. తరవాత సైన్సు మాస్టారికి విద్యుత్తులో సందేహం వచ్చేది. నాగశ్రీకి ఆ సందేహాలంటే ఇష్టం, వాటి కోసం ఎదురుచూసేది.

నూకరాజు కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని అన్నీ శ్రద్ధగా వినేవాడు. ఏమీ అర్థమయ్యేది కాదు. కానీ తను చదువుకున్న రోజుల్లో అర్థం కానప్పుడు దెబ్బలు పడేవి. ఇప్పుడు జీతం వస్తోంది. ఆ తేడా అతనికి బాగా అర్థమైంది.

ఊళ్లో మర్యాద కూడా పెరిగింది. పందిరి వెయ్యమని అడగడానికి వచ్చినవాళ్లు, "మాస్టారూ, తమకి వీలైతే" అనడం మొదలుపెట్టారు. లోవమ్మ కొట్టుకెళితే మాస్టారి భార్య అని ముందు తూకం వేసి పంపుతున్నారు. నూకరాజుకు అది బాగానే ఉంది. బాగా లేదని చెబితే అబద్ధమవుతుంది.

సంక్రాంతి సెలవుల తరవాత రాజధానినుంచి రెండో ఉత్తర్వు వచ్చింది. అది రాసింది మన పరాంకుశం గారేనని చెప్పుకున్నారు, ఆయన కూడా కాదనలేదు. చదువు ఎంత ఎక్కువకాలం సాగితే అంత గొప్పదన్నది ప్రభుత్వ విధానం కాబట్టి, ఇకమీదట ఉద్యోగాలు, కాలవృద్ధి శాఖలో హోదాలు బడిలో గడిపిన ఏళ్లను బట్టి ఇస్తారు. పదకొండేళ్లవాడికంటే పన్నెండేళ్లవాడు మెరుగు. పదిహేనేళ్లు దాటితే ఏకంగా డైరెక్టరు.

ఊరికి విషయం అర్థం కావడానికి ఒక పూట పట్టింది. పదకొండోది పాసైనవాడు పదకొండేళ్లతో ఆగిపోతాడు. ఫెయిలైనవాడు పన్నెండుకు వెళతాడు.

మర్నాడు పొద్దున్నే రైసుమిల్లు బాపిరాజు గారు మామిడి తాండ్ర, పూతరేకులు పట్టించుకుని నూకరాజు ఇంటికి వచ్చారు. ఆయన ఆ ఇంటి గడప తొక్కడం అదే మొదలు.

"మాస్టారూ, మావాడి గురించి దిగులుగా ఉందండి."

"మీవాడు బాగా చదువుతాడు కదండి!"

"అదేనండి నా దిగులు" అన్నారు బాపిరాజు గారు. కండువాతో నిజంగానే కళ్లు ఒత్తుకున్నారు. "ఎంత చెప్పినా పుస్తకం కింద పెట్టడు. ఇలాగైతే పాసైపోతాడండి. ఒక్కగానొక్క కొడుకు. మీరు కాస్త చూసి ఫెయిలు చేస్తే మీ మేలు మర్చిపోను."

"రాసినాక ఫెయిలు ఎలా చేత్తామండి?"

"మిమ్మల్ని ఎవరో చేశారు కదండి. అలాగే."

నూకరాజు పూతరేకులు వెనక్కి పంపేస్తే లోవమ్మ ఆ పూట మాట్లాడలేదు.

పట్నంలోని పెద్ద కాలేజీలవాళ్లు ఆలస్యం చెయ్యలేదు. వారం తిరక్కుండా ఊళ్లోకి ఆటో ఒకటి మైకు కట్టుకుని వచ్చింది. "మా సంస్థలో చేరండి! ఏసీ తరగతి గదులు! అనుభవజ్ఞులైన అధ్యాపకులచే ఫెయిల్ గ్యారంటీ! గత పరీక్షల్లో సున్నా, సున్నా, సున్నా, ఒకటి, ఒకటి, సున్నా!" బ్యానర్ల మీద పిల్లల ఫొటోలు, కింద వాళ్లకు వచ్చిన సున్నాలు. ఒకటి వచ్చిన పిల్లల తల్లిదండ్రులు, మా పిల్ల కష్టపడింది, కానీ ఎక్కడో ఒక మార్కు జారి పడిపోయింది అని బాధపడ్డారు.

పరీక్షలకు నెలముందు పరాంకుశం గారు నూకరాజును ఆఫీసుకు పిలిపించారు.

"మాస్టారూ, మన జిల్లాకు లక్ష్యం వచ్చింది. రాష్ట్రంలో నూటికి నూరుపాళ్లు ఫెయిలైన మొట్టమొదటి పాఠశాల మీదే కావాలని నా సంకల్పం. అందరూ పన్నెండుకు పోవాలి. మీ ఉద్యోగం పర్మనెంటు చేసే ఫైలు నా బల్ల మీదే ఉంది."

"అందరూ అంటే... మాణిక్యాంబ గారు కూడానాండి?"

"ముఖ్యంగా వారు. అంతటి విద్యావంతురాలిని పదకొండేళ్లతో వదిలేస్తామా?"

"మరి మా అమ్మాయికి పాలిటెక్నిక్ సీటు ఉందండి. ఈ యేడు చేరకపోతే పోద్దండి."

పరాంకుశం గారు జాలిగా నవ్వారు. "మీ అమ్మాయికి మీరు ఒక ఏడు చదువు అదనంగా ఇస్తున్నారు నూకరాజు గారూ. తండ్రి ఇంతకంటే ఏమివ్వగలడు?"

నూకరాజు బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి సాయంత్రం అవుతోంది. నాగశ్రీ వాకిట్లోనే ఉంది, మర్నాటి పెళ్లికి లైట్ల దండలు చుట్ట చుడుతోంది. అతను వెళ్లి రెండో కొస పట్టుకున్నాడు. ఆఫీసులో జరిగింది చెప్పాడు. ఆ పిల్ల ఏడవలేదు. కొంచెంసేపు దండ చుడుతూనే ఉంది.

"నాన్నా, నువ్వు పదిలో ఫెయిలైనప్పుడు ఎలా ఉండేది?"

ఆ ప్రశ్న ఇంతవరకు ఇంట్లో ఎవరూ అడగలేదు.

"ఏముందమ్మా. జూన్‌లో బడికి ఎల్తాం. అదే గది, అదే బెంచీ. పక్కన కూర్చునేవాళ్లు మాత్రం ఎల్లిపోయేరు. కిందటేడు మన్ని అన్నా అన్నవాడు వచ్చి పక్కన కూకుంటాడు. మాస్టారు ఏదైనా అడిగితే, నీకు తెలిసుండాలి కదరా, రెండోసారి కదా అంటారు. అందరూ తిరిగి చూత్తారు. రెండో యేడు అయితే మరీని. మీసాలొచ్చేసినాయి. బడి ఎదర వీరన్న గారి పందిరి సామాను దిగుతుంటే ఎల్లి గుంజలు మొయ్యటం మొదలెట్టేను. అక్కడ ఎవరూ నువ్వు ఏ క్లాసని అడగరు కదా."

చెప్పడం అయ్యాక అతనికే ఆశ్చర్యం వేసింది, ఇంత చెప్పాడా అని. నాగశ్రీ తలొంచుకుని, "నేను అక్కడ ఇంకో ఏడు కూర్చోలేను నాన్నా" అంది. అంతకుమించి ఏమీ అడగలేదు. దండ చుట్ట పెట్టెలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

పరీక్ష వచ్చింది. పాఠ్యపుస్తకాలు రాలేదు కాబట్టి ప్రశ్నపత్రం ఎలా తయారు చెయ్యాలా అని పైవాళ్లు తర్జనభర్జన పడ్డారు. చివరికి ఒకే ప్రశ్న ఇచ్చారు. "పాఠశాల విద్యను పొడిగించుటకు గల కారణములలో ఏవేని ఇరువదింటిని వ్రాయుము." కారణాలు బడిగోడ మీద పెద్ద అక్షరాలతో రాసే ఉన్నాయి. రోజూ ప్రార్థనలో చదివించేవారు. రాని పిల్లలంటూ ఎవరూ లేరు.

ఏమీ రాయకుండా ఇవ్వమని ఇంట్లో పిల్లలకు గట్టిగా చెప్పి పంపారు. కానీ మూడు గంటలు కాగితం ముందు పెట్టుకుని ఊరకే కూర్చోవడం కూడా కష్టమే, చివరికి అందరూ రాశారు. బాపిరాజు గారి అబ్బాయి గంటన్నర ఓర్చుకున్నాడు, ఆ తరవాత కలం తీశాడు. బయటికొచ్చి, "చేతులు ఊరుకోలేదు నాన్నా" అని ఏడ్చాడు. మాణిక్యాంబ గారు నలభై కారణాలూ రాసి, అందులో పదకొండు ఒకదానికొకటి విరుద్ధమని లెక్కగట్టి చూపించారు. నాగశ్రీ అడిగిన ఇరవై రాసి, కాగితం దారంతో కుట్టి ఇచ్చింది.

జవాబు పత్రాలు నూకరాజు ఇంటికే తెచ్చి ముందు పెట్టారు. ఈసారి అతనికి దిద్దడం వచ్చు, ఎందుకంటే ఆ కారణాలు అతనికీ కంఠతా వచ్చాయి. ఒక్కొక్కటే చదివాడు. పక్కన ఉద్యోగం పర్మనెంటు చేసే ఉత్తర్వు నకలు ఉంది. పరాంకుశం గారు ముందుగానే పంపారు, సంతకం చోటు మాత్రం ఖాళీ. నూకరాజు దాన్ని రెండుమూడుసార్లు చూశాడు. కొట్టువాడు ముందు తూకం వెయ్యడం, బాపిరాజు గారు గుమ్మంలో చెప్పులు విడవడం గుర్తొచ్చాయి. అవన్నీ పోతాయి. లోవమ్మను పిలిచి, "నాకు పాత పనే ఉంటదే, పర్లేదా?" అన్నాడు.

"ఆ పని మాత్రం ఎప్పుడు మానేవు?" అంది లోవమ్మ. నిజమే, ఆదివారాలు పందిళ్లు వేస్తూనే ఉన్నాడు.

అందరికీ పాస్ వేసి, కాగితాలు కట్టగట్టి పంపేశాడు.

ఫలితాలు రాజధానికి వెళ్లాయి. అక్కడ మంత్రిగారి పేషీలో ఎవరో, దేశంలోనే మొట్టమొదటి పదకొండేళ్ల విద్యావంతుల బృందం అని పత్రికలకు ఇచ్చేశారు. మంత్రిగారి ఫొటోతో అచ్చయింది. ఇక ఆ ఫలితాలను ముట్టుకోవడానికి ఎవరికీ ధైర్యం లేదు. ముట్టుకోగలిగింది నూకరాజునే.

బాపిరాజు గారు నడిబజారులో అతన్ని నిలదీశారు. "నా కొడుకు భవిష్యత్తు నాశనం చేశావు! నీ కడుపున పుట్టినదాన్ని కూడా చేశావు, నువ్వేం తండ్రివి?" ఇప్పుడు "మాస్టారూ" లేదు, "అండి" లేదు. ఆయన వెనక అబ్బాయి మాత్రం నూకరాజుకు మెల్లిగా నమస్కారం పెట్టాడు.

విచారణ బడిలోనే జరిగింది. పరాంకుశం గారు మధ్యలో, అటూ ఇటూ గుమస్తాలు.

"ముప్పై ఒక్కమంది విద్యార్థులకు రావలసిన ఒక్కొక్క సంవత్సర విద్యను మీరు అపహరించారు. కారణం?"

"వచ్చేసిందండి" అన్నాడు నూకరాజు.

"ఏమి వచ్చింది?"

"అడిగింది రాసేరండి. ఆళ్లకి వచ్చేసింది. ఇంకా కూకోబెట్టి ఏం చెప్తామండి?"

"బోధించుటకు ఏమీ లేకపోవడం విద్యార్థిని పంపివేయుటకు కారణం కాదు. అయ్యా, చదువు పొడిగించడానికి ప్రభుత్వం వద్ద నలభై కారణాలున్నాయి. ముగించడానికి ఒక్కటైనా ఉందా? ఉంటే చూపండి."

గుమస్తాలు కాగితాలు తిరగేశారు. నిజంగానే లేదు. ఆ వైపు ఎవరూ వెతకలేదు.

నేరం రుజువైంది. ఇక శిక్ష. తప్పుచేసిన బోధకుణ్ణి తిరిగి పాఠశాలకు పంపి మూడేళ్లు కూర్చోబెట్టవలెనని నిబంధన. పరాంకుశం గారు కలం మూత తీశారు. అప్పుడు పెద్ద గుమస్తా ఆయన చెవిలో ఏదో చెప్పాడు. పదమూడుకు మూడు కలిపితే పదహారు. పదిహేను దాటినవాడు శాఖకు డైరెక్టరు. పదేళ్లు చదివిన పరాంకుశం గారు అతని కింద పనిచెయ్యాలి.

పరాంకుశం గారు కలం మూత పెట్టేశారు.

భోజనాల వేళ దాటిపోయింది. సస్పెండు చేద్దామంటే, సస్పెన్షను కాలం కూడా పాఠశాల కాలమే అని మరో నిబంధన. వదిలేద్దామంటే, పదమూడేళ్లతోనే అతను జిల్లాలో అందరికంటే పైవాడు, రేపో మాపో తన కుర్చీ అడుగుతాడు. చివరికి పరాంకుశం గారే మార్గం కనిపెట్టారు. మనిషిని ఎక్కువ చదివించి శిక్షించలేకపోతే, చదివినది తగ్గించాలి. ఆ మధ్యాహ్నమే ఉత్తర్వు రాయించి, అందరూ వినేలా తానే చదివారు.

"సదరు బొంతు నూకరాజు ఏడవ తరగతిలో ఒక పర్యాయము, పదవ తరగతిలో రెండు పర్యాయములు అనుత్తీర్ణుడైనట్లు గల నమోదులు పొరపాటున జరిగినవిగా భావించి, ఈ రోజు నుండి అమలులోకి వచ్చునట్లు రద్దు చేయడమైనది. అతడు అన్ని తరగతులు మొదటి ప్రయత్నమునందే ఉత్తీర్ణుడైనట్లు ప్రకటించడమైనది. ఇందుమూలమున అతని విద్య పది సంవత్సరములకు కుదించబడినది. బోధక పదవికి అనర్హుడు."

నూకరాజుకు మొదట అర్థం కాలేదు. "ఏంటండి?" అన్నాడు.

"నిన్ను పాస్ చేశాం" అన్నారు పరాంకుశం గారు కఠినంగా. "ఇక వెళ్లు."

నూకరాజు కదల్లేదు. తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు, మళ్లీ తుడుచుకున్నాడు. గుమస్తాలు అతను శిక్షకు కుంగిపోయాడనుకుని మంచినీళ్లు ఇచ్చారు. అతను తాగకుండా గ్లాసు పట్టుకుని, "కాగితం ఇత్తారాండి?" అని అడిగాడు. ముద్ర వేసి ఇచ్చారు.

ఆ సాయంత్రం అతను ఊరంతా లడ్డూలు పంచాడు. కాలవృద్ధి శాఖ జీపు పక్కనుంచి వెళుతుంటే ఆపి పరాంకుశం గారికీ రెండు ఇచ్చాడు. ఆయన ఆ లడ్డూలు చేతిలో పట్టుకుని, శిక్షపడ్డవాడు మిఠాయి ఎందుకు పంచుతున్నాడో నియమావళిలో ఎక్కడా దొరక్క, దారిపొడుగునా ఆలోచిస్తూ వెళ్లారు.

మాణిక్యాంబ గారు జూన్ ఆఖరున రిటైరయ్యారు. పదకొండేళ్లు పూర్తి చేసినవారు కాబట్టి బోధకురాలిగా రమ్మని కాలవృద్ధి శాఖనుంచి మనిషి వచ్చాడు. పొద్దున్న ఆరున్నరకు వచ్చాడు. తలుపు తియ్యలేదు.

పాలిటెక్నిక్ ఆఫీసులో చేరేవాళ్ల వరస పెద్దదిగా ఉంది. నాగశ్రీ సర్టిఫికెట్లు చూసి గుమస్తా బాగానే ఉన్నాయన్నాడు. తరవాత పక్కన నిలబడ్డ నూకరాజును చూసి అడిగాడు.

"తండ్రి చదువు?"

"టెన్త్ పాసండి" అన్నాడు నూకరాజు. కాస్త గట్టిగా అన్నాడు, వరసలో చివరివాళ్లు కూడా తిరిగి చూశారు.

"బడిలో మొత్తం ఎన్నేళ్లు?"

"పదేళ్లండి."

"పదేళ్లేనా? ఎక్కడా ఆగలేదా?" గుమస్తా మొహంలో జాలి కనిపించింది. ఈ రోజుల్లో అంత తక్కువ చదువు ఎవరూ చెప్పుకోవడం లేదు. "పాపం" అన్నాడు.

"ఆయ్" అన్నాడు నూకరాజు, చొక్కా సర్దుకుంటూ. "ఎక్కడా ఆగలేదండి."